గోడకి ఒక వాటా

నేను చేసిన ఉద్యోగం పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే "బ్యాంకులో" అని ఊరుకునేవాణ్ని. బ్యాంకులో ఏం పని అంటే చెప్పడానికి చాలాసేపు పట్టేది. ఇప్పుడు ఆ పనికి పెద్ద పేర్లొచ్చాయి. దానికోసం చదువులు కూడా వచ్చాయి. మొన్న ఆ చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరబోతున్న ఒకమ్మాయి కాకినాడ నుంచి మా ఇంటికి వచ్చింది. "మీ రోజుల్లో ఎలా చేసేవారండీ?" అని అడిగింది. నోటితో చెబితే గాలికి పోతుంది, రాసిస్తానమ్మా అన్నాను. అదే ఇది.

పని ఏంటంటే, పాత మిల్లో, లాడ్జీయో, ఐసు ఫ్యాక్టరీయో కరెంటు విపరీతంగా తాగుతుంటుంది. ఆ భవనాన్నీ అందులో యంత్రాలనీ బాగుచేయించడానికి బ్యాంకు అప్పిస్తుంది. బాగయ్యాక కరెంటు బిల్లు తగ్గుతుంది. తగ్గినదాంట్లోంచే అప్పు తీరాలి. వినడానికి ఇంతే. చేయడంలోనే తిప్పలన్నీ.

నా గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. మా నాన్న కొబ్బరి దింపు కూలీ. నేను బడికి వెళ్లలేదు. రాజమండ్రిలో మోటార్ల వైండింగ్ షాపులో పనిచేసి, తర్వాత అక్కడే ఒక పట్టణ సహకార బ్యాంకులో అటెండరుగా చేరాను. అక్షరాలు వచ్చింది నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక. నేర్పింది మా ఆవిడ రత్నం. ఇంట్లో పుస్తకాలు లేవు కాబట్టి కరెంటు బిల్లు ముందు పెట్టి నేర్పింది. దాంట్లో ఊరి పేరు, మనిషి పేరు, అంకెలు అన్నీ ఉంటాయి కదా. అటెండరు నుంచి ఫీల్డు పనికి ఎలా వచ్చానన్నది ఇక్కడ రాయను. అది ఎవరికీ పనికిరాదు.

శర్మ గారు

నాకు పని నేర్పిన మేనేజరు శర్మ గారు. నేను చాలామంది మేనేజర్ల కింద చేశాను. కొంతమంది కాగితం చూసి అప్పిచ్చేవారు, కొంతమంది మనిషి వేసుకున్న చొక్కా చూసి ఇచ్చేవారు. శర్మ గారు వెళ్లి చూసి ఇచ్చేవారు. నన్ను ముందు పంపేవారు. "వాళ్లు చెప్పింది కాదు అప్పారావూ, అక్కడ ఉన్నది చెప్పు" అనేవారు. ఆయన మీద నాకు కోపం వచ్చిన రోజులు ఎన్నో ఉన్నాయి. మాట కటువు. తప్పు చేస్తే నలుగురిలో అడిగేసేవారు. కానీ పొగిడినా నలుగురిలోనే పొగిడేవారు. అది అందరూ చేయరు.

ఆయనకొక పద్ధతి ఉండేది. అప్పు సంగతి తేలేవరకు అప్పు అడిగినవాళ్ల ఇంట్లో కాఫీ తాగేవారు కాదు. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చినవాడు కాఫీ వద్దంటే ఎంత తప్పో మీకు తెలుసు. జనం నొచ్చుకునేవారు. "తాగితే మంచివాళ్లలా కనిపిస్తారయ్యా. మంచివాళ్లే. కానీ నేను చూడాల్సింది బాయిలరు" అనేవారాయన.

వీర్రాజు గారి ఐసు

నాకు ఈ ఉద్యోగం అర్థమైంది ఒకే ఒక్క పనిలో. మిగతావన్నీ దాని పిల్లలు. అందుకే అదొక్కటి వివరంగా రాస్తున్నాను.

కాకినాడలో ఉప్పుటేరు ఒడ్డున వీర్రాజు గారికి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చేపల పడవలు వేటకి వెళ్లేముందు ఐసు ఎక్కించుకుంటాయి. ఐసు లేకపోతే పట్టిన చేప ఒడ్డుకి చేరేలోగా పాడవుతుంది. కాబట్టి పడవలకి డీజిల్ ఎంత ముఖ్యమో ఐసూ అంతే.

ఐసు ఎలా కడుతుందో చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. పెద్ద ఇనప తొట్టె ఉంటుంది. అందులో ఉప్పునీళ్లు. కంప్రెసరు ఆ ఉప్పునీళ్లని మామూలు నీళ్లు గడ్డకట్టేంత చల్లగా చేస్తుంది, ఉప్పు ఉండబట్టి అవి మాత్రం గడ్డకట్టవు. మంచినీళ్లు పోసిన డబ్బాల్ని అందులో దించితే లోపలి నీళ్లు దిమ్మలవుతాయి. ఆ ఇనప తొట్టె చుట్టూ కాస్త ఖాళీ వదిలి ఇటుక గోడ ఉంటుంది. చల్లదనం బయటికి పోకుండా పాతకాలం వాళ్లు ఆ ఖాళీలో ఊక కూరేవారు. మన దగ్గర బియ్యం మిల్లుల పుణ్యమా అని ఊకకి కొదవేముంది?

వీర్రాజు గారు కొత్త కంప్రెసరు కొనడానికి అప్పు అడిగారు. దిమ్మ కట్టడానికి రెట్టింపు సమయం పడుతోంది, కరెంటు బిల్లేమో పెరిగిపోతోంది, యంత్రం ముసలిదైపోయిందని ఆయన వాదన. అమ్మేవాడు కూడా అదే చెప్పాడు. అమ్మేవాడు ఇంకేం చెబుతాడు?

నేను వెళ్లి చూశాను. ఇటుక గోడ బయట కాళ్ల ఎత్తు వరకు పాచి. చెయ్యి పెడితే తడి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గోడ చెమటలు కక్కుతోంది. అదే శర్మ గారికి చెప్పాను. ఆయన విశాఖపట్నం నుంచి మూర్తి గారనే ఇంజనీరుని పిలిపించారు. మూర్తి గారు ఆ ఖాళీ పైన కప్పిన చెక్క పలకలు రెండు లేపించి, చెయ్యి లోపలికి పెట్టి, పిడికెడు ఊక బయటికి తీశారు. పిండితే నీళ్లు కారాయి. కొన్నేళ్ల కిందట తుపాను నీళ్లు ఫ్యాక్టరీలోకి వచ్చాయట. అప్పుడు నానిన ఊక మళ్లీ ఆరలేదు.

"కంప్రెసరుకేం జబ్బు లేదండీ," అన్నారు మూర్తి గారు. "తలుపులన్నీ బార్లా తీసిపెట్టి కూలరు చాలట్లేదంటున్నారు మీరు. ఈ గోడ ఇలాగే ఉంచి పెద్ద యంత్రం తెస్తే, పెద్ద బిల్లు వస్తుంది."

వీర్రాజు గారి మొహం వాడిపోయింది. "అయితే గోడ బాగుచేసుకోడానికే ఇప్పించండి, శర్మ గారూ. ఏదో ఒకటి చేయకపోతే ఈ సీజను దాటేలా లేనండి."

గోడని ఎలా జప్తు చేస్తారు?

ఇక్కడ ఈ ఉద్యోగంలోని అసలు చిక్కు ఉంది. ఇప్పుడు చేరేవాళ్లు కూడా దీనికే తల కొట్టుకుంటారు, రాసిపెట్టుకోండి.

కంప్రెసరుకి అప్పివ్వడం బ్యాంకుకి తేలిక. దానికి బిల్లు ఉంటుంది, నంబరు పలక ఉంటుంది. కట్టకపోతే విప్పి తెచ్చుకుని అమ్ముకోవచ్చు. అంటే పనికిరాని దానికి అప్పు వెంటనే పుడుతుంది. పనికొచ్చే గోడకి పుట్టదు. బోర్డు మీటింగులో శర్మ గారు ఈ సంగతి పెట్టగానే డైరెక్టర్లు నవ్వారు. అందులో ఒకాయన బియ్యం వ్యాపారి.

"రేపు అతను కట్టకపోతే గోడ భుజాన వేసుకొస్తారేంటి శర్మ గారూ?" అన్నారాయన.

శర్మ గారు నవ్వలేదు. ఫైలు మూసి, వచ్చే మీటింగులో మళ్లీ పెడతానన్నారు. 

మర్నాడు పొద్దున్న మళ్లీ కాకినాడ వెళ్లాం. ఎందుకని అడిగితే "ఐసు కొనేవాళ్లని చూడాలి" అన్నారు. రేవులో ఒక పడవ వచ్చి ఉంది. దాని సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, నూకరాజు. చేప అమ్ముడైంది. గట్టు మీద కూర్చుని పంచుకుంటున్నారు. డీజిల్ ఖర్చు, ఐసు ఖర్చు తీసేశాక మిగిలింది వాటాలు వేస్తున్నారు. మనిషికింత అని పెట్టి, మళ్లీ పడవకింత, వలకింత అని వేరేగా పెట్టారు.

శర్మ గారు వంగి చూశారు. ఆయన అగ్రహారం మనిషి. చేపల రేవులోకి వచ్చిందే మొదటిసారి. ముక్కుకి కండువా అడ్డం పెట్టుకునే అడిగారు.

"పడవకి వాటా ఏంటయ్యా? పడవేమైనా తింటుందా?"

"ఆయ్, తింటదండీ," అన్నాడు నూకరాజు, తల కూడా ఎత్తకుండా. "చెక్క తింటది, మేకులు తింటది, తారు తింటది. దాని వాటా దానికి తియ్యకపోతే మనుసుల్ని తింటది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. శర్మ గారు కండువా దించేశారు.

"వేటకెళ్లకపోతే?"

"వాటా ఎక్కడదండీ? ఎవరికీ లేదు. పడవకీ లేదు. ఎండల్లో చేపలు గుడ్లెట్టే రోజులని గవర్మెంటోళ్లు వేట నిసేదం పెడతారు కదండీ, అప్పుడు అందరం కూకుంటాం."

"ఐసు అరువు మీద ఇస్తారా వీర్రాజు గారు?"

"అరువేనండి. వచ్చాక ఇస్తాం. కరిగిపోయే సరుకు కదండీ, మేం ఎగ్గొడితే ఏం పట్టుకుపోతాడాయన? అయినా ఇస్తాడు."

బస్సులో తిరిగొస్తుంటే శర్మ గారు సామర్లకోట వరకు టికెట్టు వెనక ఏవో లెక్కలు వేశారు. తర్వాత, "గోడకి ఒక వాటా వెయ్యాలయ్యా అప్పారావూ," అన్నారు. అంతే.

వాటా లెక్క

ఆయన బోర్డుకి చెప్పింది ఇది. నెలనెలా కట్టే కంతు వద్దు. ఇప్పుడు ఒక దిమ్మ ఐసుకి ఎంత కరెంటు పడుతుందో చూస్తాం. బాగుచేశాక ఎంత పడుతుందో చూస్తాం. ఆ తేడా డబ్బు మూడు వాటాలు. రెండు బ్యాంకుకి, ఒకటి వీర్రాజు గారికి. వేట నిషేధం నెలల్లో ఫ్యాక్టరీ పడుకుంటుంది, వాటా ఉండదు, మనం అడగం.

రెండు సంగతులు గమనించండి. దిమ్మకి ఇంత అన్నారు గాని, బిల్లుకి ఇంత అనలేదు. ఎందుకంటే ఐసు తక్కువ చేసినా బిల్లు తగ్గుతుంది, అది ఆదా కాదు, దివాలా. ఈ తేడా తెలియక అప్పులిచ్చి దెబ్బతిన్న పెద్దపెద్ద వాళ్లని చూశాను. రెండోది, ఒక వాటా ఆయనకి వదలడం. మొత్తం మనమే లాక్కుంటే ఆయన తలుపులు మూయడు, తొట్టె మీద పలకలు సరిగ్గా కప్పడు. ఎందుకు కప్పాలి?

బియ్యం వ్యాపారి డైరెక్టరు చివరికి ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు. "మీ వాటాలు బాగానే ఉన్నాయి. వీటికి తోడు ఇల్లు తాకట్టు పెట్టమనండి." ఆయన్ని తప్పు పట్టను. డిపాజిట్లు వేసినవాళ్లలో రిక్షా తొక్కేవాళ్లు, బడ్డీ కొట్టువాళ్లు ఉన్నారు.

లక్ష్మి గారి ప్రశ్న

వీర్రాజు గారున్న ఇల్లు ఆయన భార్య సీతామహాలక్ష్మి గారి పేరు మీద ఉంది. అందరూ లక్ష్మి గారనేవారు. వాళ్లకున్న ఆస్తల్లా ఆ ఇల్లే. ఫ్యాక్టరీ స్థలం లీజుది.

కాగితాలు పట్టుకుని శర్మ గారూ నేనూ వెళ్లాం. ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. వీర్రాజు గారు పెన్ను అందించి, "ఇక్కడ, ఇక్కడ పెట్టు" అన్నారు. ఆవిడ పెన్ను పుచ్చుకోలేదు. మా వైపు తిరిగారు.

"గోడ బాగుపడకపోతే నా ఇల్లు పోతుందాండీ?"

"నీకెందుకవన్నీ? పెద్దవాళ్లు చూసుకుంటున్నారుగా," అన్నారు వీర్రాజు గారు.

శర్మ గారు సర్దిచెప్పబోయారు. "అలాంటి పరిస్థితి రాకూడదనే కదమ్మా ఇన్ని జాగ్రత్తలు..."

నాకు ఊరుకోవడం చేతకాదు. "పోతుందమ్మా," అన్నాను.

 శర్మ గారు నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. లక్ష్మి గారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"హమ్మయ్య. నాలుగు రోజుల్నుంచి అడుగుతుంటే ఒక్కరూ చెప్పలేదు. ఎలా పోతుందో చెప్పండి మరి."

చెప్పాను. ఎన్నాళ్లు చూస్తారు, ఎవరు కొలుస్తారు, పని ఎవరు చేస్తారు, అయ్యాక సరిగ్గా అయిందని ఎవరు సంతకం పెడతారు అని ఒక్కొక్కటే అడిగారు. ఆఖరిదానికి "నేనండి" అన్నాను. "అయితే మీకు తెలిసే పెట్టండి" అని, కాగితాల మీద సంతకాలు చేశారు. ఆ తర్వాత కాఫీ తెచ్చారు. అప్పు తేలిపోయింది కాబట్టి శర్మ గారు తాగారు. గ్లాసు కింద పెట్టి, "ఇంకో పావు కప్పు ఉందామ్మా?" అని కూడా అడిగారు.

తారు ఏ వైపు?

వేట నిషేధం మొదలవగానే ఫ్యాక్టరీ ఆపేశాం. పడవలు తిరిగి కదిలే రోజుకి ఐసు సిద్ధంగా ఉండాలి. ఆ రోజున ఐసు లేకపోతే పడవలు రేవుకి అవతల ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి వెళ్తాయి. ఒకసారి వెళ్లిన పడవ సీజనంతా అక్కడే. అంటే వాటా లేదు, అంటే ఇల్లు లేదు. అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు.

పని పట్టింది పోలయ్య మేస్త్రీ. ఆ చుట్టుపక్కల నీళ్ల ట్యాంకులన్నీ ఆయన కట్టినవే. కుళ్లిన ఊకంతా తోడించాడు. ఆ వాసనకి వీధిలో కుక్కలు కూడా రాలేదు. మూర్తి గారు రాసిచ్చిన ప్రకారం ఖాళీలో తారు పూత పూయాలి, తర్వాత థర్మోకోల్ పలకలు దించాలి, పైన మూసేయాలి. పోలయ్య ఇనప తొట్టెకి శుభ్రంగా రెండు పూతలు తారు పూసి, పలకలు దించాడు. మూడు వైపులు పూర్తయ్యాక మూర్తి గారు చూడ్డానికొచ్చారు. తొంగిచూసి, తల పట్టుకున్నారు.

"తారు తొట్టెకి పూశారేంటండీ? ఇటుక గోడకి కదా పూయాల్సింది!"

పోలయ్య తెల్లబోయాడు. "నీళ్లు తొట్లో కదండీ ఉన్నాయి. నీళ్లున్నచోటే కదండీ తారు. ముప్పై ఏళ్లుగా ట్యాంకులు కడుతున్నాను, ఒక్కటీ కారలేదు."

ట్యాంకులు కట్టే చేతికి అదే న్యాయం. మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు.

మూర్తి గారు వాదించలేదు. స్టీలు గ్లాసు తెమ్మన్నారు, ఐసు ముక్కలు తెమ్మన్నారు. ఐసు ఫ్యాక్టరీలో ఐసు లేదు. వీధి చివర సోడా కొట్టు నుంచి తెప్పించాం. ముక్కలు గ్లాసులో వేసి పోలయ్య చేతికిచ్చి, "బయట తుడవండి" అన్నారు. తుడిచాడు. కాసేపట్లో మళ్లీ తడి. మళ్లీ తుడిచాడు. మళ్లీ తడి.

"గ్లాసు కారుతుందేమోనండీ," అన్నాడు పోలయ్య.

"కారితే లోపల తగ్గాలిగా? ఈ తడి గాలిలోది. చల్లగా ఉన్నచోటికి గాలిలో తేమ వచ్చి చేరుతుంది. మీ ఇటుక గోడలోంచి దూరి, పలకల్లోకి వెళ్లి, అక్కడే నీళ్లవుతుంది. తారు ఆ తేమకి అడ్డం ఉండాలి. అంటే పలకలకి బయటి వైపు, ఇటుకకి."

పోలయ్య గ్లాసుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "అంటే గొడుగు చొక్కాలోపల పెట్టుకుని వానలో నిలబడ్డట్టు చేశానన్నమాట," అన్నాడు.

"తప్పు మీదొక్కరిదే కాదు. ఏ వైపో నేను రాయలేదు," అన్నారు మూర్తి గారు. ఆ మాట అందరిముందూ అన్నందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. మీరు కూడా, ఏ వైపో రాయండి.

సంతకం

నిషేధం అయిపోవడానికి కొద్ది రోజులే ఉంది. వీర్రాజు గారు నన్ను పక్కకి పిలిచారు.

"అప్పారావు గారూ, లోపల ఏముందో ఎవరు చూడొచ్చారండీ? ఈ పలకలు ఒక ఏడాది బాగానే ఉంటాయని మూర్తి గారే అన్నారు. ఈ ఒక్క సీజనూ నడవనివ్వండి. వచ్చే ఎండాకాలం విప్పి మళ్లీ చేయిద్దాం. మీరు సంతకం పెట్టేస్తే చాలు."

"వచ్చే ఎండాకాలం విప్పరండీ. ఎవరూ విప్పరు," అన్నాను.

"ఐసు లేకపోతే పడవలు పోతాయండీ!"

"ఆ ఇల్లు ఎవరిదండీ?" అని అడిగాను.

ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. నాకు జాలేసింది. కానీ జాలితో పెట్టే సంతకం ఆ మనిషినే ముంచుతుంది. ఈ ఉద్యోగంలో కాదనడం నేర్చుకోవడమే కష్టం, మిగతాది ఎవరైనా నేర్పుతారు.

కబురు రేవుకి ఎలా చేరిందో తెలియదు. సాయంత్రానికి నూకరాజు వచ్చాడు, వెనక అతని పడవవాళ్లు, ఇంకో రెండు పడవలవాళ్లు. వేట లేదు కాబట్టి వలలు బాగుచేసుకుంటూ ఖాళీగా ఉన్నారు. చేతుల్లో పడవలకి తారు పూసే కుంచెలు.

"ఏ వైపు పుయ్యాలో చెప్పండి బాబూ, చాలు," అన్నాడు నూకరాజు. పోలయ్యని చూసి, "ఏం మేస్త్రీ, మా పడవక్కూడా లోపలే తారు పూసి సముద్రంలోకి తోసేస్తావేటి?"

"నీ పడవకి నేనెప్పుడైనా పునాది తవ్వానా, నా గోడ మీద మాట్లాడ్డానికి?" అన్నాడు పోలయ్య. అని, నిచ్చెన జరిపి అతనికి చోటిచ్చాడు.

ఎందుకొచ్చారని నేను అడిగాను. "తుపానొచ్చిన ఏడాది పడవలిరిగిపోయి ఉంటే, మిగిలిన రెండు మూడింటికి ఐసు ఊరికే పోశాడండీ ఈయన. అప్పుడు మేం అడగలేదు. ఇప్పుడు ఆయనా అడగక్కర్లేదు." కుంచె తారులో ముంచుతూ, "అవతల ఫ్యాక్టరీవోడు ముందు డబ్బెట్టమంటాడండీ" అన్నాడు. రెండూ నిజాలే. ఒకటి మాత్రమే చెప్పి ఉంటే నేను అంతగా నమ్మేవాణ్ని కాదు.

పలకలన్నీ బయటికి లాగారు. తారుకి అంటుకుని సగం విరిగాయి. మూర్తి గారు విశాఖపట్నం ఫోను చేసి లారీలో కొత్తవి తెప్పించారు. ఇటుక గోడ లోపలి ముఖమంతా సందు లేకుండా తారు పూశారు. ఇరుకులో పక్కకి తిరిగి నిలబడి, చెయ్యి మాత్రం ఆడించగలిగే చోటు అది. పడవ అడుగున పడుకుని పూసే అలవాటున్నవాళ్లు కాబట్టి వాళ్లకి చేతనైంది. పోలయ్య తన కూలి వద్దన్నాడు. "కూలి తీసుకో, ఈసారి సందు లేకుండా మూసెయ్యి పైన," అన్నారు వీర్రాజు గారు. తొట్టె అడుగు మాత్రం తీయలేక అలాగే వదిలేశాం. ఆ సంగతి నా రిపోర్టులో రాశాను.

పడవలు కదిలిన రోజు

తొట్టె చల్లబడడానికి సమయం పడుతుంది. వేటకి బయల్దేరే పొద్దుటికి అందరికీ సరిపోయేంత ఐసు లేదు. కొన్ని పడవలు అవతలికి వెళ్లిపోయాయి. వీర్రాజు గారు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు. నూకరాజు ఉన్న దిమ్మలన్నీ చిన్న పడవలకి ఇప్పించి, "మేం రేపటి పోటుకెళ్తాం" అన్నాడు. నిషేధం తర్వాత మొదటి రోజు వేట అంటే ఏంటో రేవువాళ్లకి తెలుసు. దాన్ని వదులుకున్నాడు.

మర్నాడు డబ్బాలు పైకి లేపి, నీళ్లలో ముంచి తీసి వంచితే దిమ్మలు జారాయి. నిండుగా, మధ్యలో బోలు లేకుండా. లక్ష్మి గారు పసుపు, కుంకుమ పళ్లెంతో వచ్చారు. ఐసు వైపు చూడలేదు. తిన్నగా వెళ్లి ఇటుక గోడ మీద అరచెయ్యి ఆనించారు. తీసి చూసుకున్నారు. అరచెయ్యి పొడిగా ఉంది.

"ఇప్పుడు పెట్టండి సంతకం," అన్నారు నాతో.

పెట్టాను.

ఆ సీజను దిమ్మకి పడే కరెంటు దిగింది. మూర్తి గారు చెప్పినంత కాదు, అడుగు వదిలేశాం కదా, కానీ దిగింది. వాటా రావడం మొదలైంది. అవతలికెళ్లిన పడవల్లో కొన్ని మరుసటేడు తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. తర్వాతి వేట నిషేధంలో బియ్యం వ్యాపారి డైరెక్టరు, "ఈ నెల ఏమీ జమ కాలేదేంటి?" అన్నారు. "పడవలు కదల్లేదండీ" అన్నారు శర్మ గారు. ఆయన తలూపి తర్వాతి కాగితం తీశారు. ఆ తలూపు మీదే మేం ఒక బియ్యం మిల్లుకి, ఒక నర్సింగ్ హోముకి, ఇంకా కొన్నిటికి అప్పులివ్వగలిగాం. కొన్ని తప్పాయి. ఎక్కువ నిలిచాయి.

ఈ పనిలో నాకు దొరికినవాళ్లని తలుచుకుంటే, ఇంత మంచి మనుషుల మధ్య ఉద్యోగం చేయడానికి నేనేం చేశానని అనిపిస్తుంది. నా ముక్కుసూటి మాటలు ఓర్చుకున్న మేనేజరు, తప్పు పంచుకున్న ఇంజనీరు, తప్పు ఒప్పుకున్న మేస్త్రీ, అడక్కుండా వచ్చిన సరంగు. వీళ్లని నేను వెతుక్కోలేదు. పని చూపించింది.

శర్మ గారు రిటైరయ్యాక ఆ అప్పు తీరింది. ఇంటి కాగితాలు తిరిగివ్వడానికి నేనొక్కణ్నే వెళ్లాను. లక్ష్మి గారు కవరు అందుకున్నారు, విప్పి చూడలేదు. గూట్లో పెట్టి వచ్చి కూర్చున్నారు.

"తర్వాత ఎవరికిస్తున్నారండీ?"

రాజమండ్రిలో ఒక లాడ్జీ సంగతి చెప్పాను. పైకప్పు మార్పించాలి, పాత వైరింగు తీయించాలి, నీళ్లు కాచే పద్ధతి మార్చాలి.

"ఇల్లు తాకట్టు ఉందా?"

"ఉందండి. ఆయన తల్లి పేరు మీద ఉంది."

"ఆవిణ్ని అడిగారా?"

"కొడుకు మాట్లాడాడండి."

లక్ష్మి గారు నా కాఫీ గ్లాసు చేతికిచ్చి, "త్వరగా తాగండి. రాజమండ్రి బస్సు ఇంకో పావుగంటలో ఉంది," అన్నారు. "తిన్నగా వాళ్లింటికెళ్లి, ఆవిడకి మీరు చెప్పండి."